దస్తర్‌ఖాన్ మీద మితం: పండుగ విందుల్లో మనం మరచిన సున్నత్

ఈద్గాహ్‌లో ఖుత్బా ముగిసి, ఆలింగనాలు మొదలైన క్షణం నుండి రాత్రి ఇషా నమాజు వరకు మన ఇళ్ళలో దస్తర్‌ఖాన్ ఎన్నిసార్లు పరచుకుంటుందో ఎప్పుడైనా లెక్కించామా? ఉదయం షీర్ ఖుర్మా. చుట్టాలు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ షీర్ ఖుర్మా. మధ్యాహ్నం బిర్యానీ, దాని వెంట మిర్చీ కా సాలన్, ఆపైన ఖుబానీ కా మీఠా. సాయంత్రం శీతల పానీయాలు, రాత్రి మిగిలిన బిర్యానీ. నెల రోజుల పాటు పగలంతా ఆకలిని అదుపులో పెట్టుకున్న విశ్వాసి, షవ్వాల్ మాసపు మొదటి రోజు సూర్యాస్తమయం కాకముందే ఆ అదుపును పోగొట్టుకుంటున్నాడు. రంజాన్ మనకు నేర్పిన పాఠం ఒక్క పూటకైనా నిలవకపోతే ఆ పాఠం మనం నేర్చుకున్నట్లేనా?

ఈ ప్రశ్న మేము ఇతరులను ఉద్దేశించి అడుగుతున్నది కాదు. మా ఇంటి నుండే మొదలుపెడుతున్నాము.

మా ఇంట్లో జరిగిన సంఘటన

కొన్నేళ్ళ క్రితం ఈద్ నాటి మాట. మా చిచ్చా వికారాబాదులో ఉంటారు. అప్పటికి వారి వయస్సు అరవై దాటింది. పన్నెండేళ్ళుగా మధుమేహం. ఉదయం నమాజు చేసి, ఇంట్లో ఒక చిన్న గిన్నె షీర్ ఖుర్మా తీసుకుని, తాండూరులో ఉన్న మా ఫుప్పూ ఇంటికీ, ఇతర బంధువుల ఇళ్ళకూ వెళ్ళి రావాలని రైలెక్కారు. రెండు పట్టణాల మధ్య సుమారు 40 కిలోమీటర్ల దూరం. ధారూరు మీదుగా వెళ్ళే ఆ దారి మా కుటుంబానికి పండుగ దారి. కొత్త బట్టల తొందరలో మధ్యాహ్నం వేసుకోవలసిన మాత్రలు ఇంట్లోనే మరచిపోయారు.

తాండూరులో ఆ రోజు వారు ఆరు ఇళ్ళకు వెళ్ళారు. ప్రతి ఇంట్లోనూ రెండుసార్లు వద్దన్నారు. ప్రతి ఇంట్లోనూ మూడోసారి కాదనలేకపోయారు. "మా ఇంటికి వచ్చి నోరు తీపి చేసుకోకుండా వెళ్తారా?" అన్న మాటకు మన సంస్కారంలో జవాబు లేదు. ఎండాకాలం కావడంతో దాహానికి శీతల పానీయం ఇచ్చారు. మధ్యాహ్నం బిర్యానీ, తర్వాత ఖుబానీ. సాయంత్రానికి విపరీతమైన దాహం, పదేపదే మూత్రవిసర్జన, అలసట. ప్రయాణ బడలిక అనుకున్నారు. రాత్రి వాంతులు మొదలయ్యాయి, మాట తడబడింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి రక్తంలో చక్కెర 500 దాటి ఉంది. అల్లాహ్ దయ వల్ల ప్రాణానికి ముప్పు తప్పింది. నాలుగు రోజులు ఆస్పత్రిలోనే గడిచాయి. ఈద్ ముబారక్ చెప్పడానికి వచ్చిన బంధువులు పరామర్శకు వచ్చినవారయ్యారు.

ఆ నాలుగు రోజుల్లో ఆస్పత్రి వరండాలో కూర్చుని మేమంతా ఒక లెక్క వేసుకున్నాము. ఎవరికి వారు, "మేము ఒక్క గిన్నే కదా పెట్టాము" అన్నారు. నిజమే, ఏ ఇంటివారూ అబద్ధం చెప్పలేదు. కానీ తిన్న మనిషి ఒక్కరే. ఆరు ఇళ్ళ ప్రేమను ఒకే శరీరం మోయవలసి వచ్చింది. మా ఫుప్పూ కన్నీళ్ళు పెట్టుకుని, "నేనే బలవంతం చేశాను" అన్నారు. చిచ్చా తిండిపోతు కారు. ఆయనను పడగొట్టింది ఆయన నాలుక కాదు, మన మర్యాద. అందుకే మితాహారం గురించి మాట్లాడేటప్పుడు తినేవారికి మాత్రమే బోధ చేస్తే చాలదనీ, పెట్టేవారి చేతిని గురించి కూడా ఆలోచించాలనీ మాకు అర్థమయింది.

మంచి ఆహారం నిషిద్ధం కాదు

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. ఇస్లాం రుచికరమైన ఆహారాన్ని నిషేధించలేదు. పండుగ రోజు ఉపవాసం ఉండటాన్నే నిషేధించింది. ఈదుల్ అజ్‌హా తర్వాతి మూడు తష్రీఖ్ దినాలు తినడానికీ, త్రాగడానికీ, అల్లాహ్‌ను స్మరించడానికీ ఉన్నవని సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం తెలుపుతోంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి తీపి పదార్థాలూ తేనే ఇష్టమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మాంసంలో జబ్బ భాగం వారికి ప్రీతికరం. వారు ఏనాడూ ఆహారానికి వంక పెట్టలేదనీ, నచ్చితే భుజించేవారు, నచ్చకపోతే వదిలేసేవారనీ హజ్రత్ అబూ హురైరా (రజి) తెలియజేశారు.

అయితే దివ్యఖుర్ఆన్ అల్ అఅరాఫ్ సూరా 31వ ఆయతులో తినమని, త్రాగమని ఆజ్ఞాపించిన వెంటనే మితిమీరవద్దని హెచ్చరించింది. మితిమీరేవారు అల్లాహ్‌కు ఇష్టులు కారని కూడా అక్కడే స్పష్టం చేసింది. ఆజ్ఞా, హద్దూ ఒకే చోట ఉన్నాయి. మనం మొదటి సగాన్ని అమలు చేసి, రెండవ సగాన్ని ఆలిములకు వదిలేశాము.

ఆ హద్దు ఎక్కడ ఉంటుందో కూడా దైవప్రవక్త (స) వివరించారు. హజ్రత్ మిఖ్దాం (రజి) ద్వారా తిర్మిజీ గ్రంథంలో నమోదైన హదీసు భావం ఇది: మనిషి నింపే పాత్రలన్నింటిలో కడుపు కంటే చెడ్డది లేదు. నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు అతనికి చాలు. అంతకంటే ఎక్కువ తప్పదనుకుంటే కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు కేటాయించాలి. గమనించండి: మూడవ వంతు అన్నది ఆదర్శం కాదు, గరిష్ఠ పరిమితి. ఆదర్శం కొన్ని ముద్దలే. మనం మాత్రం ఆ గరిష్ఠ పరిమితిని కూడా ఖుబానీ గిన్నె దగ్గర దాటిపోతున్నాము.

ధర్మవేత్తలు ఈ విషయాన్ని చిన్నదిగా చూడలేదు. ఇమాం గజాలీ తన ఇహ్యాఉల్ ఉలూమ్ గ్రంథంలో భోజన మర్యాదలకు ఒక ప్రత్యేక అధ్యాయాన్నీ, ఉదర వాంఛను అదుపు చేయడం గురించి మరొక అధ్యాయ భాగాన్నీ కేటాయించారు. ఇబ్నుల్ ఖయ్యిమ్ ఆహారాన్ని మూడు స్థాయులుగా విభజించారు: అవసరం, సరిపోవడం, మిగులు. అవసరమంటే నడుము నిలవడానికి కావలసినంత. సరిపోవడమంటే ఆ మూడవ వంతు. ఆ పైదంతా మిగులే. మన పండుగ ఈ మూడవ స్థాయిలో మొదలై, అక్కడి నుండి పైకి పోతోంది.

కడుపు చెప్పే మాట ఆలస్యంగా వినిపిస్తుంది

వైద్యశాస్త్రం కూడా ఈ హద్దును మరో భాషలో చెబుతోంది. మనం తినడం మొదలుపెట్టాక, కడుపు సాగిన సంకేతమూ, ప్రేగుల నుండి విడుదలయ్యే హార్మోన్ల సంకేతమూ మెదడుకు చేరి "ఇక చాలు" అనిపించడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఫంక్షన్ హాలులో ఒక బంతి తర్వాత మరో బంతి వేచి ఉన్నప్పుడు మనం భోజనం ముగించేది పదిహేను నిమిషాల్లోపే. అంటే కడుపు ఇచ్చిన ఫిర్యాదు మెదడుకు చేరేలోగా నేరం జరిగిపోతోంది. శ్వాసకు చోటు మిగల్చమన్న ప్రవక్త (స) బోధ ఎంత లోతైనదో ఛాతీలో మంట, ఆయాసం వచ్చిన రాత్రి అర్థమవుతుంది.

ఒక గ్రాము పిండిపదార్థం నుండి 4 కేలరీలు వస్తే, ఒక గ్రాము కొవ్వు నుండి 9 కేలరీలు వస్తాయి. నేతితో, వేయించిన ఉల్లిపాయలతో, మాంసపు కొవ్వుతో చేసిన బిర్యానీ చూడటానికి ఒక పళ్ళెమే అయినా, శరీరానికి రెండు పూటల లెక్క. చక్కెర సంగతి మరీ తీవ్రమైనది. ఆహారంలో అదనంగా చేరే చక్కెర రోజుకు 25 గ్రాములకు లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మామూలు కోలా పానీయం 250 మిల్లీలీటర్లు త్రాగితే ఆ కోటా ఒక్కసారికే పూర్తవుతుంది. అప్పటికింకా షీర్ ఖుర్మా గిన్నె ముట్టుకోనే లేదు.

ఇది మన ఇళ్ళకు దూరమైన సమస్య కాదు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు, 13 కోట్లకు పైగా ఆ అంచున ఉన్నవారు ఉన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలను విడుదల చేసింది. నూనె, కొవ్వు, ఉప్పు, చక్కెర తగ్గించడం వాటిలో ముఖ్యమైనవి. మన పండుగ దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న పెద్దలలో ఎవరికి చక్కెర ఉందో, ఎవరికి రక్తపోటు ఉందో, ఎవరి గుండెకు స్టెంటు ఉందో వడ్డించే చేతికి తెలియదు. తెలియనప్పుడు బలవంతం చేయడం ప్రేమ ఎలా అవుతుంది?

ఎవరిని బలవంతం చేయాలి?

"అతిథిని గౌరవించమని మన ధర్మమే చెప్పింది కదా! వద్దన్నా పెట్టడం మర్యాద కదా!" అని కొందరు అంటారు. ఈ మాటను తేలికగా కొట్టిపారేయకూడదు. అతిథి గౌరవం విశ్వాసంలో భాగమే. మరి ఆ గౌరవం ఏ రూపంలో ఉండాలో రెండు సంఘటనలు మనకు చూపుతున్నాయి.

మొదటిది హజ్రత్ ఇబ్రాహీం (అలై) సంఘటన. అజ్జారియాత్ సూరాలో వస్తుంది. అపరిచిత అతిథులు రాగానే వారు సడీచప్పుడు లేకుండా ఇంట్లోకి వెళ్ళి, బలిసిన దూడ మాంసం తెచ్చి, అతిథుల దగ్గరగా ఉంచారు. ఆపై మీరు తినరా అని మృదువుగా అడిగారు. అంతే. ఉత్తమమైనది తెచ్చారు, దగ్గరగా పెట్టారు, ఆహ్వానించారు. పళ్ళెంలో వేసి, "తినకపోతే నా మీద ఒట్టు" అనలేదు. ఆతిథ్యం గొప్పదనం తేవడంలోనూ, దగ్గరగా ఉంచడంలోనూ ఉంది.

రెండవది హజ్రత్ అబూ హురైరా (రజి) స్వయంగా చెప్పిన సంఘటన. బుఖారీలో ఉంది. ఆకలి భరించలేక కడుపుకు రాయి కట్టుకుని ఆయన దారిలో కూర్చున్నారు. వచ్చిపోయేవారికి ఆయన అవస్థ తెలియలేదు. దైవప్రవక్త (స) ముఖం చూసి గ్రహించి, చిరునవ్వుతో వెంట తీసుకెళ్ళారు. ఇంట్లో ఎవరో కానుకగా పంపిన ఒక పాత్రెడు పాలు ఉన్నాయి. వాటిని ముందుగా మస్జిద్‌లో ఆశ్రయం పొందుతున్న సుఫ్ఫా పేదలందరికీ త్రాగించమని అబూ హురైరా (రజి)కు చెప్పారు. అందరూ త్రాగాక, ఇక మిగిలింది మనమిద్దరమే అంటూ ఆయనను కూర్చోబెట్టి త్రాగమన్నారు. మళ్ళీ త్రాగమన్నారు, మళ్ళీ మళ్ళీ త్రాగమన్నారు. ఇక లోపల దారి లేదని ఆయన ప్రమాణం చేసేవరకూ త్రాగించి, చివరన మిగిలింది తాము స్వీకరించారు.

ఈ సంఘటన చదివినప్పుడల్లా మాకు ఒక విషయం తట్టుతుంది. ప్రవక్త (స) కూడా "ఇంకా త్రాగు" అన్నారు. కడుపు నిండటం తనంతట తాను పాపం కాదు. కానీ ఆ మాట ఎవరితో అన్నారు? రాయి కట్టుకున్న కడుపుతో! మనం ఎవరితో అంటున్నాము? ఐదవ ఇంటి నుండి ఆరవ ఇంటికి వచ్చిన నిండు కడుపుతో! సున్నత్‌లో బలవంతం ఉంది. దాని చిరునామా మనం మార్చేశాము.

తాండూరు రాతి ఊరు. చుట్టుపక్కల నాపరాయి గనులు, ఊరి నిండా బండల పాలిషింగ్ యూనిట్లు. వాటిలో పనిచేసే కూలీలలో పండుగకు సొంత ఊరు వెళ్ళలేనివారు ఉంటారు. ఈద్ నమాజులో మన పక్కన నిలబడి, సలాం చేసి, ఆలింగనం చేసుకుని వెళ్ళిపోతారు. ఆ రోజు వారిని "మా ఇంటికి వచ్చి నోరు తీపి చేసుకోండి" అని మూడుసార్లు బలవంతం చేసినవారు మనలో ఎందరు? ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనం అతి చెడ్డ భోజనమన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఈద్ నమాజుకు ముందే ఫిత్రా చెల్లించమనడంలోని ఉద్దేశం కూడా పేదవాడి పొయ్యి మన పొయ్యితో పాటే వెలగాలని. ఒకరి ఆహారం ఇద్దరికీ, ఇద్దరిది నలుగురికీ సరిపోతుందన్న బోధను ముస్లిం గ్రంథంలో చదువుతాము. మన ఇళ్ళలో నలుగురిది ఇద్దరికి వడ్డిస్తున్నాము.

బగారా, దాల్చా నుండి పదహారు రకాల వరకు

మా పెద్దలు చెప్పే పాత దావత్‌ల ముచ్చట వినండి. బగారా అన్నం, దాల్చా, ఒక మాంసం కూర, ఒక మీఠా. అంతే. దాల్చాలో సొరకాయ, కందిపప్పు, చింతపులుసు, కొద్దిగా మాంసం. తాండూరు కందిపప్పు ఖ్యాతి మనందరికీ తెలిసిందే. 2022 డిసెంబరులో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పప్పూ, కూరగాయా, మాంసమూ కలిసిన దాల్చా కడుపుకు తేలిక, పేదవాడి చేతికీ అందేది. ఇంట్లో మామూలు రోజుల్లో జొన్నరొట్టె. అందువల్ల దావత్ రోజు నిజంగా ప్రత్యేకమైన రోజుగా ఉండేది.

ఈనాడు వికారాబాదులోనైనా, తాండూరులోనైనా ఫంక్షన్ హాలు గుమ్మం దాటగానే కబాబులు, వేపుళ్ళు, లుఖ్మీలు. ఆపై రెండు రకాల బిర్యానీ, నాలుగు కూరలు, మూడు మీఠాలు, ఐస్‌క్రీం, పాన్. రకం పెరిగిన కొద్దీ తిండి పెరుగుతుంది. ఒకే రుచికి నాలుక త్వరగా విసుగు చెందుతుంది, కొత్త రుచి కనబడగానే మళ్ళీ మేలుకుంటుంది. నిండిన కడుపులో మీఠాకు ఎలా చోటు దొరుకుతుందో మనందరికీ అనుభవమే. పదహారు రకాలు పెట్టిన ఆతిథేయి, తెలియకుండానే అతిథికి ఇస్రాఫ్ దారి చూపుతున్నాడు.

తిన్నది పోగా మిగిలింది ఏమవుతోంది? ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళ నుండి వచ్చినదే. ఇది హోటళ్ళ నేరమని తప్పించుకోవడానికి లేదు. క్రిందపడిన ముద్దను కూడా శుభ్రం చేసుకుని తినమనీ, బర్కత్ ఏ మెతుకులో ఉందో మనకు తెలియదనీ దైవప్రవక్త (స) నేర్పారు. ఆ సమాజం వారమైన మనం సగం తిన్న పళ్ళేలను గోనెసంచుల్లో వేసి హాలు వెనుక పారబోయడం చూస్తున్నాము.

వారి వలీమాలు ఎలా ఉండేవో గుర్తు చేసుకుందాం. హజ్రత్ సఫియ్యా (రజి)తో నికాహ్ సందర్భంగా ప్రవక్త (స) ఇచ్చిన వలీమాలో ఖర్జూరాలు, జున్నువంటి ఎండిన పెరుగు, నెయ్యి కలిపిన హైస్ వడ్డించారు. సంపన్నులైన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను ఒక్క మేకతోనైనా వలీమా ఇవ్వమన్నారు. ఆ విందులకు వచ్చినవారెవరూ ఎన్ని రకాలు ఉన్నాయని లెక్క పెట్టలేదు.

మేము చేసి చూసినది

చిచ్చా ఇంటికి వచ్చాక కుటుంబ పెద్దలందరూ ఒకచోట కూర్చున్నారు. మరుసటి ఈద్ నుండి కొన్ని నియమాలు పెట్టుకున్నాము. షీర్ ఖుర్మా పెద్ద గిన్నెల్లో కాక చిన్న చాయ్ కప్పుల్లో ఇవ్వాలి. చక్కెర సగానికి తగ్గించాలి. ఖర్జూరం, ఎండుద్రాక్ష ఇచ్చే తీపి చాలు. అతిథి ఒక్కసారి వద్దంటే రెండవసారి అడగకూడదు. శీతల పానీయాల బదులు చక్కెర లేని నిమ్మరసం గానీ, పల్చటి మజ్జిగ గానీ ఇవ్వాలి. మధ్యాహ్న భోజనం ఎవరి ఇంట్లోనో ముందే నిర్ణయించుకోవాలి. మిగిలిన ఇళ్ళలో సలాం, ముచ్చట, దుఆ మాత్రమే.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పలేము. మొదటి ఏడాది "చాయ్ కప్పులో షీర్ ఖుర్మా ఏమిటి?" అని నవ్వినవారున్నారు. ఆ తర్వాత మా ఇంటి అబ్బాయి వలీమా వచ్చింది. బగారా, దాల్చా, ఒక కూర, ఒక మీఠా చాలని కొందరం అన్నాము. "నలుగురూ ఏమనుకుంటారు?" అని మరికొందరు. వారం రోజులు ఇంట్లో మాటా మాటా అయింది. చివరకు చిచ్చా కలగజేసుకుని, "నలుగురూ ఏమనుకుంటారోనని నేను ఆరు ఇళ్ళలో తిన్నాను. ఆస్పత్రిలో మంచం మీద పడుకున్నది నేనొక్కడినే" అన్నారు. ఆ మాటతో చర్చ ముగిసింది. విందు నాలుగు రకాలతోనే జరిగింది. రకాలు తగ్గించి మిగిల్చిన డబ్బుతో మరో వంద మందికి అదే భోజనం వండించి, అదే దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టాము. కొందరు గొణుక్కుంటూ వెళ్ళారు. కానీ చాలా కాలం తర్వాత తృప్తిగా దాల్చా తిన్నామన్నవారు కూడా ఉన్నారు. ఆ తర్వాత మా బంధువులలో రెండు పెళ్ళిళ్ళు అలాగే జరిగాయి. ఇప్పుడు చాయ్ కప్పును చూసి ఎవరూ నవ్వడం లేదు.

పెట్టేవారికి కొన్ని సూచనలు

* పిలిచే ముందు అడగండి. "మీకు చక్కెర, రక్తపోటు ఏమైనా ఉన్నాయా?" అని అడగడం అమర్యాద కాదు, ఆతిథ్యంలో మొదటి మెట్టు.
* దస్తర్‌ఖాన్ మీద మొదట ఖీరా, టమాటా, ఉల్లి ముక్కలు, ఉడికించిన కూరగాయలు ఉంచండి. కూరగాయలు, ఆపై మాంసం, చివరన అన్నం తిన్నప్పుడు రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది.
* అతిథి పళ్ళెంలో మీరు వడ్డించకండి. గిన్నె అతని దగ్గరగా ఉంచండి. హజ్రత్ ఇబ్రాహీం (అలై) పద్ధతి ఇదే.
* ఒక మీఠా చాలు. మూడు చేస్తే మూడూ తినవలసి వస్తుంది.
* వంట చేసే స్త్రీలను కూడా గుర్తుంచుకోండి. రంజాన్ చివరి పది రాత్రులు ఆరాధనకు బదులు వంటింట్లో గడిచిపోవడానికి కారణం మన రకాల జాబితాయే. జాబితా తగ్గితే వారికి ఖుర్ఆన్ పారాయణానికి సమయం మిగులుతుంది.
* మిగిలే ఆహారానికి ముందే ఏర్పాటు చేయండి. ఎంగిలి కాక మునుపే విడిగా తీసి, వేడి తగ్గకముందే పంపండి. పాడయ్యాక పంచడం దానం కాదు.

తినేవారికి కొన్ని సూచనలు

* ఈదుల్ ఫిత్ర్ నమాజుకు బయలుదేరే ముందు ప్రవక్త (స) బేసి సంఖ్యలో ఖర్జూరాలు తినేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఆ సున్నత్‌తో రోజు మొదలుపెట్టండి. ఖాళీ కడుపుతో విందుకు వెళ్ళినవాడు హద్దు నిలుపుకోలేడు.
* బిస్మిల్లాహ్ అని, కుడిచేత్తో, మీ ముందున్న వైపు నుండి తినండి. ఈ మూడూ హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి)కు బాల్యంలో ప్రవక్త (స) నేర్పిన మర్యాదలు. మన ముందున్నదే తినేవాడి చేయి పళ్ళెం నలుమూలలా తిరగదు.
* ముద్దను బాగా నమలండి. ముద్దకూ ముద్దకూ మధ్య మాట్లాడండి. ఆ 20 నిమిషాలు కడుపుకు ఇవ్వండి.
* భోజనమయ్యాక వెంటనే పడుకోకండి. పది, పదిహేను నిమిషాలు నడవండి. బంధువుల ఇల్లు దగ్గరైతే ఆటో మానేసి కాలినడకన వెళ్ళండి.
* మధుమేహులు మాత్రలు, ఇన్సులిన్ జేబులో పెట్టుకోనిదే గడప దాటకండి. విపరీతమైన దాహం, పదేపదే మూత్రం, వాంతులు, మాట తడబాటు కనిపిస్తే ప్రయాణ బడలిక అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.
* వద్దనడం నేర్చుకోండి. "అల్లాహ్ మీ దస్తర్‌ఖాన్‌లో బర్కత్ ప్రసాదించుగాక, నాకు చాలు" అని చెప్పండి. దుఆతో కూడిన నిరాకరణ ఎవరి మనసునూ నొప్పించదు.
* పిల్లల పళ్ళేలను పెద్దల ఆశతో నింపకండి. కొద్దికొద్దిగా రెండుసార్లు పెట్టండి. పళ్ళెం ఖాళీ చేయడం నేర్పాలంటే ముందు దాన్ని నింపకపోవడం మనం నేర్చుకోవాలి.

బక్రీద్ విషయంలో మరొక మాట. ఖుర్బానీ మాంసం మూడు భాగాలు చేసి ఒకటి మనకు, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు అన్నది మనం అనుసరిస్తున్న మంచి పద్ధతి. దివ్యఖుర్ఆన్ అల్ హజ్ సూరాలో కూడా మీరూ తినండి, లేనివారికీ తినిపించండి అన్న ఆదేశం ఉంది. కానీ ఫ్రీజరు వచ్చాక మన భాగం నెలల తరబడి నిలవ ఉంటోంది, మూడు పూటలా మాంసమే వండుకుంటున్నాము. ఫ్రీజరు తలుపు మూసే ముందు, ఏడాదిలో ఆ ఒక్క రోజే మాంసం రుచి చూసే ఇల్లు మన వీధిలో ఏదైనా ఉందా అని ఒక్కసారి ఆలోచిస్తే చాలు.

ప్రశ్న ఎదురవుతుంది

ఒకసారి దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ముగ్గురూ ఆకలితో ఇంటి నుండి బయటకు వచ్చారు. ఒక అన్సారీ సహాబీ వారికి ఖర్జూరాలు, మాంసం, చల్లని నీరు ఇచ్చారు. కడుపు నిండాక, ఈ అనుగ్రహం గురించి ప్రళయదినాన తప్పక ప్రశ్నించడం జరుగుతుందని ప్రవక్త (స) తమ సహచరులకు తెలిపారు. ఆకలితో బయలుదేరినవారు, ఒక్క పూట తిన్నందుకే ఆ ప్రశ్నను గుర్తు చేసుకున్నారు. ఆకలి అన్నదే లేకుండా ఆరు ఇళ్ళు తిరిగిన మనం ఆ ప్రశ్నకు ఏ జవాబు సిద్ధం చేసుకున్నాము?

రంజాన్ వెళ్ళిపోయినా దాని మందు మన చేతిలోనే ఉంది. షవ్వాల్ మాసంలోని ఆరు ఉపవాసాలు రంజాన్‌తో కలిపి ఏడాదంతా ఉపవాసమున్నంత పుణ్యం ఇస్తాయని ముస్లిం గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. పండుగ రోజు చేయి కొంచెం జారినా, ఆ ఆరు రోజులు దాన్ని మళ్ళీ సరిచేసుకునే అవకాశాలు.

మా చిచ్చా ఇప్పటికీ ప్రతి ఈద్‌కు తాండూరు వెళ్తారు. మాత్రల పొట్లం షేర్వానీ జేబులో ఉంటుంది. ఫుప్పూ ఎదురొచ్చి, చాయ్ కప్పులో రెండు చెంచాల షీర్ ఖుర్మా ఇస్తారు. ఆయన తింటారు, దుఆ చేస్తారు. ఆమె ఇంకా కావాలా అని అడగరు. ఇద్దరూ గంటసేపు కూర్చుని పాత ముచ్చట్లు చెప్పుకుంటారు. ఇదివరకు వడ్డనతోనే గడిచిపోయిన సమయం అది.

మన దస్తర్‌ఖాన్‌లను మితంతో, పంచుకునే మనసుతో, బర్కత్‌తో నింపమని అల్లాహ్‌ను వేడుకుందాము. ఆమీన్.